తేనెటీగల పెంపకం: వల టోపీ సరే, కాళ్లకు ఏ బూట్లు?

తేనెటీగల పెంపకం మొదలుపెట్టేవారు ముందుగా కొనేవి పెట్టెలు, ఈగల కాలనీలు, పొగ డబ్బా, ముఖానికి వల టోపీ, చేతి తొడుగులు. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్న చెప్పులతోనో పాత స్పోర్ట్స్ బూట్లతోనో సరిపెట్టుకుంటారు. కంట్లోనో గొంతులోనో ముల్లు దిగితే ప్రమాదం కాబట్టి వల టోపీకి మొదటి స్థానం ఇవ్వడం సబబే. అయితే భారత్‌లో ఈ పని జరిగే తీరు చూస్తే బూట్లను అంత తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఇక్కడ పెట్టెలు పొలం గట్ల మీద, తోటల్లో, అడవి అంచున ఉంటాయి. వాటిని ఒక ఊరి నుంచి మరో ఊరికి తరలించేది చీకటి పడ్డాకే. ఆ వేళలో కాళ్లకు తేనెటీగల బెడద ఒకటైతే, గడ్డిలో కనిపించని పాము, జారే గట్టు, చేతిలోంచి జారిపడే బరువైన పెట్టె మరో బెడద.

ఈ రంగంలోకి కొత్తవారు పెద్ద సంఖ్యలో వస్తున్నారు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2017లో హనీ మిషన్‌ను మొదలుపెట్టింది. 2020లో కేంద్ర ప్రభుత్వం ఆత్మనిర్భర్ భారత్ ప్యాకేజీలో భాగంగా తేనెటీగల పెంపకానికి రూ.500 కోట్లు ప్రకటించింది. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ అలా వచ్చింది. చిన్న రైతులు, సొంత భూమి లేనివారు, స్వయం సహాయక సంఘాల మహిళలు కూడా పెట్టెలు తీసుకుంటున్నారు. కొద్దిపాటి పెట్టుబడితో దిగే వీరికి ఏ బూటు కొనాలన్న ప్రశ్న చిన్నదేమీ కాదు. తప్పు బూటు కొంటే డబ్బు వృథా అవుతుంది. సరైన బూటే కొన్నా వేసుకోవడానికి వీలుగా లేకపోతే అది మూలన పడి ఉంటుంది.

పాకే ఈగ పైకే ఎక్కుతుంది

పెట్టె దగ్గర కాళ్లకు ముల్లు తగిలేది రెండు రకాలుగా. మొదటిది అందరికీ తెలిసిందే. పెట్టె ద్వారం దగ్గర కాపలా ఉండే ఈగలు ఎగిరి వచ్చి కుడతాయి. రెండోది కొత్తవారు ఊహించనిది. తేనె తీసేటప్పుడు చట్రాలను పైకెత్తి, వాటి మీదున్న ఈగలను దులుపుతారు లేదా మెత్తని బ్రష్‌తో తోస్తారు. కొన్ని ఈగలు గడ్డిలో పడిపోతాయి. వాటిలో ఇంకా సరిగా ఎగరలేని పిల్ల ఈగలూ ఉంటాయి. నేల మీద పడిన ఈగ ఎదురైనదాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. పక్కనే నిలబడిన మనిషి కాలు దానికి ఒక చెట్టు మొదలు లాంటిదే.

అలా పాకిన ఈగకు కుట్టే ఉద్దేశం ఉండదు. ప్యాంటు లోపలికి చేరి, మనిషి మోకాలు మడిచినప్పుడు బట్టకూ చర్మానికీ మధ్య నలిగితే అప్పుడు కుడుతుంది. వందల గంటల అనుభవం ఉన్నవారు కూడా ముఖాన్ని కాపాడుకుని కాలి దగ్గర దొరికిపోయేది ఇందుకే.

ముల్లు దిగాక జరిగేది కూడా తెలుసుకోవాలి. తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లుంటాయి. అది విషపు తిత్తితో సహా చర్మంలోనే ఉండిపోయి, కొద్దిసేపు విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. ముల్లును గీకి తీయాలా, వేళ్లతో పట్టి లాగాలా అన్న పాత చర్చను అమెరికా పరిశోధకులు 1996లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రచురించిన చిన్న అధ్యయనం తేల్చింది. ఎలా తీశామన్నది ముఖ్యం కాదని, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని అది చెప్పింది. బూటు లోపల ముల్లు దిగితే ఆ క్షణాలే చేజారిపోతాయి. లేసులు విప్పి, బూటు లాగి, సాక్స్ తీసేలోపు విషమంతా ఎక్కేస్తుంది. పైగా ముల్లుతో పాటు ఐసోపెంటైల్ ఎసిటేట్ అనే రసాయనం గాలిలో కలుస్తుంది. మాగిన అరటిపండు వాసనలా ఉండే ఇది మిగతా ఈగలకు ప్రమాద సంకేతం. పెట్టె పక్కనే కూర్చుని బూటు విప్పితే వాటిని పిలిచినట్టే అవుతుంది. నాలుగడుగులు దూరం వెళ్లి, ఒక్క లాగుతో తీయగలిగే బూటు ఇక్కడ అక్కరకొస్తుంది.

బూటు కంటే ముఖ్యం, అది ప్యాంటును కలిసే చోటు

మంచి బూటుకూ, మంచి ప్యాంటుకూ మధ్య అంగుళం ఖాళీ ఉంటే రెండూ ఉన్నా ఉపయోగం తక్కువ. అందుకే బూటు ఎంపికలో మొదట చూడాల్సింది దాని ఎత్తు, పైఅంచు వెడల్పు.

చీలమండ కింద ఆగిపోయే బూట్లతో వంగినప్పుడల్లా, గొంతుకు కూర్చున్నప్పుడల్లా సాక్స్ బయటపడుతుంది. తేనెటీగ ముల్లు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. పలుచటి సాక్స్‌ను అది సులువుగా దాటుతుంది. గాలి ఆడేందుకు జాలీ పెట్టిన స్పోర్ట్స్ బూట్లదీ ఇదే పరిస్థితి. ఉన్ని సాక్స్ మందంగా ఉంటాయి కానీ వాటి నూగులో ఈగల కాళ్లు చిక్కుకుంటాయి. చిక్కుకున్న ఈగ కుడుతుంది.

పిక్క సగం వరకూ, అంతకంటే పైకీ వచ్చే బూటు ఈ ఖాళీని మూసేస్తుంది. అప్పుడు వచ్చే ప్రశ్న ప్యాంటును బూటు లోపలికి దోపాలా, బయటికి వదలాలా అన్నది. లోపలికి దోపితే ప్యాంటు లోపలికి ఈగలు వెళ్లలేవు కానీ, బూటు పైఅంచు వదులుగా ఉంటే చట్రాల నుంచి రాలినవి అందులో పడతాయి. బయటికి వదిలితే బూటు మీదుగా పాకినవి ప్యాంటు కిందికి దూరతాయి. అంచులో గట్టి ఎలాస్టిక్ ఉన్న తెల్లటి పనిదుస్తుల ప్యాంటును బూటు మీదికి దింపడం ఈ రెండు ఇబ్బందులకూ విరుగుడు. ఎలాస్టిక్ లేకపోతే వెల్‌క్రో పట్టీ గానీ, వెడల్పాటి రబ్బరు బ్యాండు గానీ చాలు. బూటు నోరు మరీ వెడల్పుగా ఉంటే పైన తాడు బిగించుకునే బట్ట అంచున్న రకాలు దొరుకుతాయి.

కొనేటప్పుడు అంగడిలోనే వేసుకుని, గొంతుకు కూర్చుని లేవాలి. కాలికీ బూటు అంచుకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ ఉంటే ఆ జత ఈ పనికి తగినది కాదు. పిక్కకు కోసుకునేంత బిగుతుగా ఉన్నా వద్దు. పెట్టెల దగ్గర ఎక్కువ పని కూర్చునీ వంగీ చేసేదే.

రంగు, నునుపు, వాసన

తేనెటీగలను ఏది రెచ్చగొడుతుందన్న దానిపై బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి. ఫ్రీ 1961లో ఒక పరిశోధన ప్రచురించారు. పెట్టె ముందు వివిధ వస్తువులను కదిలించి, వేటిని ఈగలు ఎక్కువగా కుడుతున్నాయో చూశారు. ముదురు రంగు, గరుకుతనం, జంతువుల వాసన, కదలిక, అంతకుముందు దిగిన ముల్లు వాసన వాటిని ఉసిగొల్పేవిగా తేలాయి. తేనె కోసం గూళ్ల మీద పడే జంతువులకు ముదురు రంగు, బొచ్చు ఉండటం దీనికి కారణమన్నది సాధారణంగా చెప్పే వివరణ.

దీన్ని బూటుకు అన్వయిస్తే తెలుపు, లేత పసుపు, లేత బూడిద రంగులు మేలు. ఉపరితలం నున్నగా ఉండాలి. గరుకు తోలు, బొచ్చులా ఉండే స్వెడ్ రకం పనికిరావు. తోలుకు మరో లోపం కూడా ఉంది. అది ముల్లు వాసననూ, చెమట వాసననూ పీల్చుకుని చాలాకాలం ఉంచుకుంటుంది. రబ్బరు, పీవీసీ బూట్లను సబ్బు నీళ్లతో కడిగితే వాసన పోతుంది.

ఊళ్లలో దొరికే గమ్ బూట్లు చాలావరకూ నల్లవే. నల్లవి తప్ప వేరేవి దొరక్కపోతే కంగారుపడక్కర్లేదు. లేత రంగు ప్యాంటును బూటు మీదికి దింపితే నలుపు పాదం మేరకే బయటికి కనిపిస్తుంది. తెల్లవి కావాలనుకునేవారు ఆహార పరిశ్రమలకు సరుకు ఇచ్చే దుకాణాల్లో వెతకాలి. డెయిరీల్లోనూ, ఆంధ్ర తీరంలోని రొయ్యల శుద్ధి కర్మాగారాల్లోనూ కార్మికులు వేసుకునేవి తెల్ల గమ్ బూట్లే.

చీకట్లో పని, గడ్డిలో పాము

భారత్‌లో వాణిజ్య స్థాయి తేనె పెంపకం చాలావరకూ సంచార వృత్తి. 1960ల్లో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో ఎపిస్ మెల్లిఫెరా అనే యూరప్ జాతి తేనెటీగ నిలదొక్కుకున్నాక ఉత్తరాదిన ఇది విస్తరించింది. చలికాలంలో రాజస్థాన్, హరియాణాల ఆవ పొలాలకు, వసంతంలో బిహార్‌లోని ముజఫర్‌పూర్ లీచీ తోటలకు పెట్టెలు లారీల్లో తిరుగుతుంటాయి. తెలుగు రాష్ట్రాల్లో పొద్దుతిరుగుడు, నువ్వు పూతల కోసం పెట్టెలను మారుస్తుంటారు.

ఈ తరలింపు పొద్దుగూకాక మొదలవుతుంది. మేతకు వెళ్లిన ఈగలన్నీ పెట్టెకు చేరేది అప్పుడే. రాత్రి వేళ తేనెటీగల తీరు వేరు. అవి ఎగరడం తగ్గించి పాకుతాయి. పెట్టె కదిలినప్పుడు బయటికి వచ్చినవి మోసేవారి చేతులమీదా, కాళ్లమీదా ఎక్కుతాయి. పగలు చెప్పులతో నెట్టుకొచ్చేవారికి కూడా రాత్రి బూట్లు తప్పనిసరి అయ్యేది ఇందుకే.

పాముల విషయం అంతకంటే తీవ్రమైనది. 2020లో 'ఈలైఫ్' అనే శాస్త్ర పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకూ దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. మరణాల్లో సుమారు 70 శాతం బిహార్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్‌లలోనే జరిగాయి. ఈ లెక్కలో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణ కూడా కలిసినది. పెట్టెలు తిరిగే రాష్ట్రాలు ఈ జాబితాలో ఉన్నాయి. ఎక్కువ కాట్లు కాళ్ల మీదే పడతాయి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది.

ఆవ పూసే చలికాలంలో పాముల సంచారం తక్కువ. ముప్పు పెరిగేది వానాకాలంలో. ఆ నెలల్లో చాలాచోట్ల పూలు తగ్గిపోతాయి కాబట్టి కాలనీలు బతకడానికి చక్కెర పాకం పెడతారు. పగలు పెడితే పక్క కాలనీల ఈగలు దోపిడీకి వస్తాయి కనుక ఆ పని సాయంత్రం పూటే చేస్తారు. అప్పటికి పెట్టెల చుట్టూ గడ్డి పెరిగి ఉంటుంది. ద్వారం ముందు పడే ఈగల కోసం కప్పలు చేరతాయి. కప్పలున్న చోటికి పాములు రావడం వింత కాదు. వాన, సంధ్యవేళ, గడ్డి, కప్పలు కలిసిన చోట చెప్పులతో నిలబడటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

మందపాటి గమ్ బూటు పాదాన్నీ, చీలమండనూ, పిక్కనూ చాలావరకూ కాపాడుతుంది. పూర్తి హామీ మాత్రం ఏ బూటూ ఇవ్వదు. రక్తపింజర కోరలు పొడవైనవి. పలుచటి పీవీసీ బూటును నమ్ముకుని గడ్డిలోకి చూడకుండా అడుగు వేయకూడదు. చేతిలో టార్చి, ముందు నేల మీద తట్టే కర్ర, పెట్టెల చుట్టూ గడ్డి కోయడం బూటుతో పాటు ఉండాల్సినవే. పెట్టెను స్టాండు మీద ఎత్తుగా ఉంచితే దాని కింది భాగం కనిపిస్తుంది, వంగి చేయి పెట్టే అవసరమూ తగ్గుతుంది.

ఏ రకం ఎవరికి

రబ్బరు గమ్ బూట్లు ఎక్కువమందికి సరిపోతాయి. వంగడానికి అనువుగా ఉంటాయి, బురదలోనూ మంచులోనూ తడవవు, ఒక్క లాగుతో వస్తాయి. కొన్ని వందల రూపాయల నుంచే దొరుకుతాయి. పీవీసీవి ఇంకా చవక కానీ బిరుసుగా ఉంటాయి. రబ్బరు బూట్లకు ఐఎస్ 5557, పీవీసీ బూట్లకు ఐఎస్ 12254 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, ఈ నంబర్లు చూసుకోవచ్చు. అరికాలి కింద గాడులు లోతుగా ఉండాలి. తడిసిన గట్టు మీద పెట్టె మోస్తూ జారితే మనిషికీ దెబ్బే, చెదిరిన వేలాది ఈగలతో పక్కవారికీ ప్రమాదమే.

లారీల్లోకి పెట్టెలు ఎక్కించేవారి అవసరం కొంత భిన్నం. తేనెతో నిండిన మెల్లిఫెరా పెట్టె 30 కిలోల పైనే తూగుతుంది. అది పాదం మీద పడితే వేళ్లు విరుగుతాయి. వీరికి ముందు భాగంలో ఉక్కు లేదా గట్టి ప్లాస్టిక్ తొడుగున్న సేఫ్టీ బూట్లు మంచివి. ఐఎస్ 15298 ప్రమాణంలోని సేఫ్టీ రకం 200 జౌళ్ల దెబ్బను తట్టుకోవాలి. ఇవి ఎక్కువగా చీలమండ దాకానే ఉంటాయి కనుక పైన గేటర్లు, అంటే పిక్కలకు చుట్టుకునే మందపాటి బట్ట తొడుగులు కట్టుకోవాలి. ఉక్కు తొడుగున్న గమ్ బూట్లు దొరికితే రెండు అవసరాలూ ఒకేసారి తీరతాయి.

పెరట్లోనో మేడ మీదనో రెండు పెట్టెలు పెట్టుకున్నవారి విషయం వేరు. ఎపిస్ సెరానా అనే దేశవాళీ తేనెటీగ కాలనీలు చిన్నవి, పెట్టెలు తేలిక. పగటి వేళ, చదునైన నేల మీద పనిచేసేవారికి చీలమండ దాటే నున్నటి లేత రంగు బూటు, దాని మీదికి దింపిన ఎలాస్టిక్ ప్యాంటు చాలు. ముల్లు లేని తేనెటీగలను పెంచేవారికి ఈ జాగ్రత్తల్లో చాలావరకూ అవసరమే ఉండదు.

చీర కట్టుకునేవారికి

ఈ పనిలోకి వస్తున్న మహిళలకు బూటు ఒక్కటే చాలదు. చీర, లంగా కింది నుంచి తెరిచి ఉంటాయి. నేల మీది నుంచి పాకిన ఈగకు అడ్డేమీ ఉండదు. బూటు ఎంత ఎత్తుదైనా దాని పైఅంచు నుంచి ఈగ పైకే వెళ్తుంది. చీర కుచ్చిళ్లలో చిక్కుకుంటే కుట్టక మానదు. లోపల ఎలాస్టిక్ అంచున్న పైజామా వేసుకుని దాన్ని బూటు మీదికి దింపడం, వీలైతే పని జరిగినంతసేపూ ప్యాంటు, పొడుగు చొక్కా వేసుకోవడం మేలు.

సైజు మరో సమస్య. గమ్ బూట్లు ఎక్కువగా పురుషుల కొలతల్లోనే వస్తాయి. రెండు సైజులు పెద్దదైన బూటుతో బురదలో నడిస్తే కాలు వస్తుంది, బూటు మిగిలిపోతుంది. సంఘానికి ఒకేసారి బూట్లు కొనే అధికారులు, స్వచ్ఛంద సంస్థలు అందరికీ ఒకే సైజు తెప్పించకుండా ముందు కొలతలు తీసుకుంటే సగం సమస్య తీరుతుంది.

వేడిని తట్టుకోలేక విప్పేస్తే?

మన వాతావరణంలో గమ్ బూట్లకు పెద్ద శత్రువు వేడి. ఏప్రిల్ ఎండలో అరగంటకే సాక్స్ తడిసిపోతుంది. పాదాలు నాని, వేళ్ల మధ్య ఫంగస్ పట్టే అవకాశం ఉంటుంది. పొరుగున మయన్మార్‌లో రక్తపింజర కాట్లను తగ్గించేందుకు రైతులకు బూట్లు ఇచ్చినప్పుడు పరిశోధకులు ముఖ్యంగా పరిశీలించింది వాటిని రైతులు నిజంగా వేసుకుంటారా లేదా అన్నదే. ఇక్కడా ఆ ప్రశ్నే నిలుస్తుంది. పొడుగాటి బూటు ఇంట్లో ఉండి, చెప్పులు కాళ్లకు ఉంటే ప్రయోజనం లేదు.

అందుకని పెట్టెలు తెరిచే పనిని ఎండ ముదరక ముందే ముగించుకోవాలి. నూలు సాక్స్ రెండు జతలు దగ్గర పెట్టుకుని తడిసినవి మార్చాలి. సాక్స్ పొడవు బూటు అంచు దాకా ఉంటే ఒరుసుకోదు. పని కాగానే బూట్లు కడిగి, నీడలో బోర్లించి ఆరబెట్టాలి. మళ్లీ వేసుకునే ముందు తలకిందులు చేసి దులపడం మరవకూడదు. చీకటిగా, తేమగా ఉండే బూటు తేళ్లకు అనువైన చోటు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు బూటు లోపలి ఒరిపిడిని గుర్తించలేరు కాబట్టి పని ముగిశాక పాదాలు పరీక్షించుకోవాలి.

బూట్లు కాపాడలేని చోట

కొండ తేనె తీసేవారికి గమ్ బూట్లు అక్కరకు రావు. నల్లమల వంటి అడవుల్లో తాళ్ల సాయంతో బండల మీదికి, చెట్ల మీదికి వెళ్లేవారికి పాదం పట్టు ముఖ్యం. వదులైన బూటు అక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. ఎపిస్ డోర్సాటా అనే కొండ తేనెటీగల గుంపు లేస్తే కాళ్లను కాపాడుకోవడం కంటే దూరంగా పరుగెత్తి, మూసిన గదిలోకో వాహనంలోకో చేరడం ప్రధానం.

తేనెటీగ విషానికి తీవ్రమైన అలర్జీ ఉన్నవారూ బూట్ల మీద భరోసా పెట్టుకోకూడదు. ముల్లు దిగిన చోట వాపు, దురద సహజం. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్రం ఒక్క ముల్లైనా అత్యవసర పరిస్థితే. అడ్రినలిన్ ఇంజెక్షన్ అందే ఆసుపత్రికి వెంటనే చేరాలి. ఒకసారి అలా జరిగినవారు వైద్యుల సలహా లేకుండా మళ్లీ పెట్టె తెరవకూడదు.

మిగతావారికి లెక్క సులువు. పిక్క దాకా ఎత్తు, నున్నటి లేత రంగు, లోతైన గాడుల సోల్, సరైన సైజు, మీదికి దింపిన ఎలాస్టిక్ ప్యాంటు. ఈ అయిదూ కుదిరిన చవక బూటు, ఇవి లేని ఖరీదైన బూటు కంటే మెరుగు. వానలు మొదలై, సాయంత్రం పాకం గిన్నెతో పెట్టెల దగ్గరికి వెళ్లే రోజులు రాకముందే ఆ జత గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండాలి.